థర్మోకోల్ పెట్టెలో నీరుకట్టె

నాగుల చవితికి పుట్టలో పాలు పోసి దణ్ణం పెట్టుకుంటాం. మర్నాడు అదే పాము పెరట్లో కనపడితే కర్ర కోసం పరిగెడతాం. పాములతో మన వ్యవహారం తరతరాలుగా ఈ రెండిట్లోనే నడిచింది. దణ్ణమో, దెబ్బో. ఈ మధ్య మూడో రకం బయల్దేరింది. పట్టుకొచ్చి పెంచుకోవడం. చేతికి చుట్టుకుని వీడియో తియ్యడం, దానికో పేరు పెట్టడం, "మావాడు ఏం చెయ్యడండీ" అని చుట్టుపక్కలవాళ్ళకి ధైర్యం చెప్పడం. ఈ మూడో రకం మనిషి ఒకడు మా ఇంట్లోనే తయారయ్యాడు. మా బాబాయి కొడుకు, పదో తరగతి. వాడి గురించి, వాడితో నాకు నెలల తరబడి నడిచిన వాదన గురించి ఈ సోది. ఓపికుంటే చదవండి :)

ముందు మా ఊరి గురించి రెండు ముక్కలు చెప్పాలి. మాది నిజాంపట్నం. తెనాలి నుంచి రేపల్లె దాకా రైలుంది, అక్కణ్ణుంచి బస్సో ఆటోనో. నా చిన్నప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. పాత తెల్లవాళ్ళ రాతల్లో పెటపోలి అని కనపడేది మా ఊరే. 1611లో ఇంగ్లీషువాళ్ళ 'గ్లోబ్' ఓడ మచిలీపట్నం వెళ్ళేముందు ఇక్కడ ఆగింది. అంత ఘనమైన చరిత్ర ఉన్నా ఇప్పుడు ఊరి పేరు చెబితే గుర్తొచ్చేవి మూడే: హార్బరు, రొయ్యల చెరువులు, మడ అడవి. మూడు చోట్లా పాములుంటాయి. వరిచేలల్లో ఎలకల కోసం జెర్రిపోతులూ తాచులూ, కాలవల్లో నీరుకట్టెలూ, మడ బురదలో ఉప్పునీళ్ళకి అలవాటుపడ్డ కుక్కమూతి నీటిపాములూ. సముద్రం సంగతి సరేసరి. చిన్నప్పుడు హార్బర్లో వలలు దులుపుతుంటే చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. చేపల మధ్యలోంచి తెడ్డు లాంటి తోకతో ఓ పాము జారేది. బోటు మనిషి దాన్ని కర్రతో ఎత్తి నీళ్ళలోకి విసిరేసి మళ్ళీ పనిలో పడేవాడు. అక్కడ దణ్ణమూ లేదు, దెబ్బా లేదు.

మా నాయనమ్మయితే పాముల మాట ఎప్పుడొచ్చినా 77 ఉప్పెన దగ్గరికే వెళ్తుంది. 1977 నవంబరు 19. కృష్ణకి అవతల దివిసీమ తుడిచిపెట్టుకుపోయిన రోజు. మా వైపూ నీళ్ళొచ్చాయి. చెట్టెక్కిన మనుషులకి పక్క కొమ్మ మీద పాము ఉండేదట. "అది మా వంక చూళ్ళేదు, మేం దాని వంక చూళ్ళేదు. ఎవరి పేణం వాళ్ళదిరా" అంటుంది.

సరే, అసలు విషయానికొద్దాం. 2025 సెప్టెంబర్లో ఒక రాత్రి పిన్ని ఫోన్. "నువ్వన్నా చెప్పు నాన్నా, వాడు ఇంట్లో పామును పెట్టుక్కూర్చున్నాడు. మీ బాబాయి దాన్ని కొడతానంటే ముందు నన్ను కొట్టు అంటన్నాడు." మన ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అంటే అన్నిటికీ హెల్ప్‌డెస్కే కదా. టీవీ రిమోట్ పనిచెయ్యకపోయినా, ఎవరికన్నా సంబంధం చూడాలన్నా, బ్యాంకు ఓటీపీ రాకపోయినా మనకే ఫోను. ఆ లిస్టులో పాము కూడా చేరింది.

వాడితో మాట్లాడితే తెలిసిన సంగతి ఇదీ. రొయ్యల చెరువుల గట్ల చుట్టూ పీతలూ పాములూ లోపలికి రాకుండా నైలాన్ వల కడతారు. పాము అందులోంచి దూరబోతుంది. తల పడుతుంది, మెడ పడుతుంది, పొట్ట దగ్గర ఇరుక్కుంటుంది. వెనక్కి రావాలంటే పొలుసులకి దారాలు పట్టేస్తాయి. ఎంత గింజుకుంటే అంత బిగుస్తుంది. బాబాయి లీజుకి తీసుకున్న చెరువు దగ్గర ఇలా ఇరుక్కున్న పామును కాపలా మనిషి కొట్టబోతుంటే మావాడు అడ్డంపడి, బ్లేడుతో దారాలు కోసి విడిపించాడు. దాని వంటి మీద వల కోసుకుపోయిన గాయం ఉంది. అందుకని చేపలకి ఐస్ వేసే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, మూతకి బొక్కలు పెట్టి, అందులో వేసి ఇంటికి తెచ్చుకున్నాడు. గాయం మానేదాకా అనుకున్నాడు. తర్వాత అది రోజూ చూసుకునే పాము అయిపోయింది.

ఇక్కడిదాకా వాడు చేసిందాంట్లో నాకు తప్పేమీ కనపడలేదు. పదిహేనేళ్ళ కుర్రాడు కర్రకి అడ్డంపడటం చిన్న విషయం కాదు. చిక్కంతా ఆ తర్వాతే.

నాకు మొదట పట్టుకున్న భయం అది ఏ పామో అని. ఫొటో పంపమన్నాను. హైదరాబాద్ లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అని 1995 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది. ఇళ్ళల్లోకి పాములొస్తే వాలంటీర్లు వెళ్ళి పట్టుకుంటారు, అటవీశాఖతో కలిసి అడవిలో వదులుతారు. మా ఆఫీసులో టెస్టింగ్ చేసే ఒక కొలీగ్ కి ఈ పని తెలుసు. ఫొటో ఆయనకి ఫార్వార్డ్ చేశా. నిమిషంలో జవాబొచ్చింది. "కంటి కింద, కంటి వెనక ఏటవాలుగా రెండు నల్లగీతలు చూశావా? నీరుకట్టె. విషం లేదు. కానీ కోపం ఎక్కువ, బాగా కరుస్తుంది." హమ్మయ్య అనుకునేలోగా రెండో మెసేజ్. "ఇది నీరుకట్టె కాబట్టి సరిపోయింది. రెండోసారి వాడు పట్టేది ఏమిటి?"

ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకో చెప్తాను. మన ఇళ్ళల్లో బల్లుల కోసం తిరిగే వూల్ఫ్ స్నేక్ అనే పాము ఒకటుంది. విషం లేదు. చూడ్డానికి మాత్రం అచ్చం కట్లపాములా ఉంటుంది. ముదురు రంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు. తేడా ఏంటంటే వూల్ఫ్ స్నేక్ కి పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు పోనుపోను వెలిసిపోతాయి. కట్లపాముకి తలకి కొంచెం దూరంలో మొదలై తోకవైపు స్పష్టంగా ఉంటాయి. చీకట్లో, చేతిలో మెలికలు తిరుగుతున్నప్పుడు, పదిహేనేళ్ళ వయసులో, పక్కనే ఫ్రెండు ఫోన్లో వీడియో తీస్తుంటే ఈ తేడా చూసే తీరిక ఎవడికుంటుంది? కట్లపాము కాటుకి చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, వాపూ పెద్దగా ఉండదు. పడుకున్నవాడు కడుపునొప్పి అని లేస్తాడు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. మన పనిలో అయితే తప్పుడు రిజల్ట్ వస్తే బగ్ రైజ్ చేసి మళ్ళీ రన్ చేస్తాం. అక్కడ రెండో రన్ ఉండదు.

దసరాకి ఊరెళ్ళాను. బాబాయి మొహం చూస్తే మాట్లాడబుద్ధి కాలేదు. ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకుల మీద సుంకాలు 50 శాతానికి పెంచింది, రొయ్యల మీద బతికే మా వైపు అందరిదీ ఒకటే దిగులు. "చెరువు ఇట్టా ఉంది, వీడు చూస్తే అట్టా ఉన్నాడు" అన్నాడు. ఆయన దిగులు పాము గురించి కాదని నాకప్పుడే అర్థమైంది. పదో తరగతి. వచ్చే ఏడు ఇంటర్. ఎంపీసీలో చేర్చి, ఎంసెట్... అదే, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, అది రాయించి, నా దారిలోనే పంపాలని ఆయన లెక్క. అందుకే నన్ను పిలిపించారు. పాము ఒక వంక.

మావాడు వెనక గదిలోకి తీసుకెళ్ళి పెట్టె మూత తీశాడు. అడుగున ఇసక, ఒక మూల నీళ్ళ గిన్నె. పాము ఓ మూల చుట్ట చుట్టుకుని ఉంది. కదల్లేదు. వాడు చెయ్యి పెట్టి ఎత్తాడు, అయినా కదల్లేదు. వాడి మొహంలో గర్వం చూడాలి! "చూశావా అన్నయ్యా, మొదట్లో బుస్సుమని మీదకొచ్చేది. ఇప్పుడేం అనదు. నాకు అలవాటు పడింది."

నేను వేలితో దాని వీపు తాకి చూశాను. వెన్నుపూస గట్టులా తేలి తెలుస్తోంది. పక్కల చర్మం ముడతలు పడింది. "ఎన్నాళ్ళయింది తిని?" అంటే మొదటి వారం ఏమీ ముట్టలేదనీ, తర్వాత రెండు పరిగెలు తిందనీ, ఆ తర్వాత మళ్ళీ మానేసిందనీ చెప్పాడు. అంటే అది అలవాటు పడటం కాదు, ఓపిక లేకపోవడం.

దీని వెనక సైన్సు పెద్ద కష్టమైందేం కాదు. మనకి వొంట్లోనే హీటరుంది. పాముకి లేదు. దాని ఒంటికి వెచ్చదనం ఎండలోంచీ వేడెక్కిన మట్టిలోంచీ రావాలి. ఎండలో కాసేపు, నీడలో కాసేపు, నీళ్ళలో కాసేపు తిరుగుతూ తన వేడి తనే సర్దుకుంటుంది. ఒళ్ళు వెచ్చబడకపోతే తిన్నది అరగదు, అరగకపోతే తినదు. థర్మోకోల్ పెట్టె దేనికోసం తయారైంది? లోపలి చల్లదనం బయటికి పోకుండా, బయటి వేడి లోపలికి రాకుండా. ఐస్ లో చేప చెడకుండా ఉండటానికి దాన్ని మించిన పెట్టె లేదు. బతికున్న పాముకి దాన్ని మించిన జైలూ లేదు.

ఇంకో సంగతి. బయట బతికే పాముకి వొంట్లో పురుగులూ, పొలుసుల సందుల్లో పిడుదులూ ఉండటం మామూలే. బయట తిరిగినన్నాళ్ళూ వాటితోనే నెట్టుకొస్తుంది. పెట్టెలో పడి దిగులుకీ ఆకలికీ నీరసపడేసరికి అవే దాన్ని తినేస్తాయి. ఇంట్లోవాళ్ళకి సాల్మొనెల్లా బాక్టీరియా అంటే భయం కూడా ఉంది. ఇక ఫ్రిజ్ లో పెట్టిన చేపలే ఎప్పుడూ పెడితే కొన్ని రకాల చేపల్లో ఉండే ఎంజైమ్ వల్ల దానికి బి1 విటమిన్ లోపం వచ్చి వణుకులూ ఫిట్సూ వస్తాయి. మనం ఏ డాక్యుమెంటేషనూ లేని పాత సిస్టమ్ లోంచి ఒక ముక్క పీకి పక్కన పెడితే ఏమవుతుందో తెలుసుగా. అది దేని మీద ఆధారపడి నడిచేదో ఒక్కోటీ క్రాష్ అయ్యాకే బయటపడుతుంది. ఈ పామూ అంతే.

మావాడు తెలివైనవాడు, ఊరికే ఒప్పుకోడు. "మరి డాలస్ లో మీ ఫ్రెండు పెంచుతున్నాడుగా? వాళ్ళు పెంచితే పెట్, నేను పెంచితే నేరమా?" అన్నాడు. నిజమే, డాలస్ లో నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు బాల్ పైథాన్ పెంచుతాడు, దాని ఫొటోలు నేనే మావాడికి ఒకప్పుడు చూపించాను. మంచి ప్రశ్న. న్యాయంగా జవాబు చెప్పాలి.

మావాడి పాముకీ నా ఫ్రెండు పాముకీ ఉన్న తేడా డబ్బుది కాదు, పుట్టుకది. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా పాము. అమెరికాలో ఇప్పుడు ఎక్కువగా అమ్మేవి అక్కడే గుడ్ల నుంచి పొదిగించినవి, పుట్టినప్పట్నుంచీ పెట్టెలో, చచ్చిన ఎలకని తినడం నేర్చినవి. అలాగని ఆ వ్యాపారం కడిగిన ముత్యం కాదు. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏళ్ళ తరబడి లక్షల్లో పిల్లపాముల్ని తరలించారు. అడవిలోంచి పట్టి తెచ్చినవి తిండి మానేసి చచ్చిపోతాయని అమెరికాలో పాములు పెంచేవాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. పెంచి పెంచి విసుగొచ్చి వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే ఫ్లోరిడా ఉంది. పెంపుడు జంతువులుగా తెచ్చిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో చేరి అక్కడి కుందేళ్ళనీ రకూన్లనీ ఊడ్చేశాయి. వాటిని పట్టడానికి 2017లో మన పక్క రాష్ట్రం తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుల గిరిజనుల్ని పిలిపించుకున్నారు. మాసి సడైయన్, వడివేల్ గోపాల్. ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ మాట చెప్పగానే మావాడి కళ్ళు పెద్దవయ్యాయి.

"మరి ఆళ్ళు పట్టుకోవచ్చా?" అన్నాడు.

పట్టుకోవచ్చు. నిజానికి మన దగ్గర అడవి పామును పట్టి ఉంచుకోవడానికి సరైన పద్ధతి ఏదన్నా ఉందంటే అది వాళ్ళదే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి ఇరులల బతుకు వీధిన పడింది. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో మద్రాసు దగ్గర వాళ్ళొక సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో, లెక్క ప్రకారం పాముల్ని పడతారు. మట్టికుండల్లో కొన్ని వారాలు ఉంచుతారు. విషం తీస్తారు. మళ్ళీ తీసుకెళ్ళి వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, పామును తెచ్చిన రోజే అది వెళ్ళిపోవాల్సిన గడువు కూడా ఖాయమవుతుంది. మావాడి పెట్టెకి అలాంటి గడువు లేదు. "గాయం మానేదాకా" అని మొదలైంది, గాయం మానింది, గడువు మాత్రం మాయమైపోయింది.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాను. 1972 చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా వేటే. నీరుకట్టె, జెర్రిపోతు కూడా రక్షణ ఉన్న జంతువులే. 2022 సవరణలో మామూలు నేరాలకి జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్షకి పెరిగింది, జైలు మూడేళ్ళ దాకా. షెడ్యూల్ 1లో ఉన్న జంతువులైతే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా వెళ్తుంది. విదేశీ జాతుల్ని పెంచుకునేవాళ్ళకి 2024 నుంచి పరివేష్ పోర్టల్లో రిజిస్ట్రేషన్ నిబంధనలొచ్చాయి. మన ఊరి కాలవలో పామును పట్టుకొచ్చి సరదాగా పెంచుకోవడానికి మాత్రం అలాంటి ఫారం ఏదీ లేదు.

"అయితే కర్రతో కొట్టినోళ్ళ మీద కేసెందుకు పెట్టరు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కొట్టడమూ నేరమే, కానీ ఊళ్ళో రోజూ జరిగేది అదే. పాముకి అడ్డంపడ్డ కుర్రాడు కేసుకి భయపడాలి, కర్ర పట్టినవాడు నిశ్చింతగా భోంచేస్తాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది మన పరిస్థితి.

కర్ర పట్టినవాణ్ణి కూడా పూర్తిగా తప్పుపట్టలేం, అది వేరే సంగతి. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు దాదాపు 12 లక్షల మంది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయేది ఎక్కువగా పల్లెటూళ్ళల్లో, వానాకాలంలో, పొలంలో, ఇంట్లో. 2018 ఆగస్టులో మాకు ఏటికవతల దివిసీమలో పాముకాట్లు పెరిగిపోతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో అధికారికంగా సర్పశాంతి యాగం చేశారు. హైదరాబాద్ లో ఏసీలో కూర్చుని నవ్వుకోవచ్చు. చెప్పుల్లేకుండా చీకట్లో చేలోకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాడికి అది నవ్వులాట కాదు. ఆయన భయం తగ్గాలంటే దగ్గర్లోని ఆస్పత్రిలో మందుండాలి, చేతిలో టార్చి లైటుండాలి, కరిస్తే కట్లు కట్టి కోతలు కొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలని ఇంట్లో అందరికీ తెలిసుండాలి. మన దగ్గర వాడే మందు కూడా నాలుగు రకాలకే: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వలలో పడే సముద్రప్పాము కరిస్తే అది పనిచెయ్యదు. ఇంత భయం ఉన్న చోట ఒక కుర్రాడు రోజూ పాముని మెళ్ళో వేసుకుని తిరిగితే ఊరి భయం తగ్గుతుందా? వాణ్ణి చూసి రెండో కుర్రాడు పుట్టలో చెయ్యి పెడతాడు. అంతే.

ఇన్ని చెప్పినా మావాడు కిక్కురుమనలేదు. చివరికి ఒకే మాటన్నాడు. "వదిలితే మళ్ళీ ఎవడో ఒకడు కొడతాడు అన్నయ్యా. ఇక్కడుంటే బతుకుద్ది."

నన్నడిగితే మొత్తం వాదనలో గట్టి మాట ఇదే. దీనికి పుస్తకాల్లో జవాబు దొరకలేదు. జవాబు మా నాయనమ్మ చెప్పింది. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని వింటున్న మనిషి, "ఒరే, హార్బర్లో బోటోళ్ళు ఎన్ని పాముల్ని నీళ్ళలోకి ఏశారో లెక్కుందా? అయ్యి మళ్ళీ ఏ వల్లో పడ్డాయో ఎవుడికి తెలుసు? అది దాని సంగతి. నీ చేతిలో ఉన్నంతసేపే నీ పూచీ. ఇది నీ చేతిలోనే చస్తంది, చూసుకో" అంది.

వాడు ఏడ్చాడు. అంత పెద్దకుర్రాడు ఏడవడం చూసి బాబాయి కూడా మెత్తబడ్డాడు.

కొలీగ్ ని అడిగితే, పట్టిన చోటికి దగ్గర్లోనే వదలాలనీ, ఎక్కడో దూరంగా అడవిలో వదిలితే తెలియని చోట తిరిగి తిరిగి చచ్చే అవకాశం ఎక్కువనీ చెప్పాడు. బాబాయి తనకి తెలిసిన అటవీశాఖ మనిషికి ఫోన్ చేశాడు. ఆయనొచ్చి చూసి, కుర్రాణ్ణి నాలుగు చీవాట్లు పెట్టి, కేసూ గీసూ ఏం లేకుండా తన ఎదురుగానే వదలమన్నాడు. దీపావళికి రెండ్రోజుల ముందు, ఎండెక్కాక, చెరువులకి దూరంగా డ్రెయిను గట్టున తుంగలో వదిలారట. నేనప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. పిన్ని చెప్పింది. కాసేపు కదలకుండా పడుందట. ఎండ తగిలాక నాలిక ఆడించి, నెమ్మదిగా తుంగలోకి జారిపోయిందట. మావాడు మాత్రం చీకటి పడేదాకా ఇంటికి రాలేదట.

పది రోజులకి మొంథా తుపాను. అక్టోబరు 28 రాత్రి తీరం దాటింది. ఊళ్ళో వాళ్ళందరూ జాగ్రత్తగా ఉన్నారా అని నేను ఫోన్ చేస్తే మావాడు ఎత్తి, ఇంటి సంగతి సగం సగం చెప్పి, "అన్నయ్యా, ఇంత వానకి అదేమై ఉంటది?" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. గొంతు సవరించుకునేలోగా వెనకనుంచి నాయనమ్మ గొంతు వినపడింది. "దానికి నీళ్ళంటే నీకన్నా బాగా తెలుసులేరా, ముందు ఆ తలుపు వెయ్యి."

అది బతికుందో లేదో నాకు తెలీదు. వదిలిన ప్రతి పామూ బతుకుతుందని నేను చెప్పలేను. పెట్టెలో ఉంటే మాత్రం ఆ నెల దాటేది కాదు. బయట దానికో అవకాశం ఉంది, తన ఎండ తను వెతుక్కునే వీలుంది. ప్రేమ ఉంటే చాలదా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. మావాడికి ఆ పాము మీద ఉన్న ప్రేమలో వెలితి ఏమీ లేదు. అయినా దాని ఒళ్ళు రోజురోజుకీ ఎండిపోయింది. దానికి కావలసింది ప్రేమ కాదు, కాలవ.

ఇంకో మాట చెప్పి ముగిస్తా. నన్ను పిలిపించింది వాడికి బుద్ధి చెప్పి ఎంపీసీ వైపు తిప్పడానికి అని చెప్పాను కదా. ఆ పని నా వల్ల కాలేదు, నేను చెయ్యదలుచుకోనూ లేదు. నా బ్యాచ్ లో ఎంతమంది కంప్యూటర్ సైన్స్ ఇష్టపడి చేరారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ ఒక కుర్రాడు వల కోసి పాము గాయానికి పసుపు రాశాడు, నెల రోజులు నోట్ బుక్ లో అది ఏం తిందో, ఏం తినలేదో తేదీలు వేసి రాసుకున్నాడు. ఆ నోట్ బుక్ నేను చూశాను. మన టీముల్లో చాలామంది రాసే టెస్ట్ రిపోర్టులకన్నా శుభ్రంగా ఉంది. వాణ్ణి పశువైద్యం చదివిస్తే ఏం? మా ఇంటికి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఎంతో దూరం లేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు బాబాయితో ఇదే అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు కూడా వాడి పార్టీయేనా?" అన్నాడు. పిన్ని అయితే నా ప్లేట్లో అరిసె పెట్టడం కూడా మానేసింది :)

నిన్న బాబాయి తనంతట తనే ఫోన్ చేశాడు. చెరువు గురించీ, రేటు గురించీ కాసేపు మాట్లాడి, చివర్లో, ఏదో పక్కింటివాళ్ళ కోసం అడుగుతున్నట్టు, "మన వైపు బైపీసీకి ఏ కాలేజీ బాగుంటదిరా?" అన్నాడు. నాకు ఎంపీసీ తప్ప ఇంకోటి తెలీదు. తెనాలి, బాపట్ల, గుంటూరు వైపు పిల్లల్ని రాత్రీ పగలూ రుబ్బకుండా చదువు చెప్పే మంచి బైపీసీ కాలేజీ మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి. నిజంగానే అడుగుతున్నా.